అరవై మూడు చాలు

ఆ వీధిలో ఆమెను అందరూ సైలెన్సరక్క అనేవారు. బండ్ల పొగగొట్టాలు బాగుచేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకునేవారు. పాతవాళ్ళకు అసలు కారణం తెలుసు. ఆమె మాట్లాడేదే తక్కువ. "ఎప్పటికిస్తావక్కా?" అంటే "గురువారం" అనేది. "ఏమైందక్కా దీనికి?" అంటే "తుప్పు" అనేది. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టాలంటే తలప్రాణం తోకకొచ్చేది.

ఆమెకు యాభై ఆరేళ్ళు. షెడ్డు నాన్న పెట్టింది. ఒక్క కారుకు సరిపడా చోటు, దాన్ని పైకెత్తే లిఫ్టు, గోడ పొడవునా పైపులు, మూలన వెల్డింగు బల్ల. లోపలి నుంచే మెట్లెక్కితే పైన రెండు గదుల ఇల్లు. అందుకని ఒక్కోసారి వారం రోజులు వీధి మొహం చూడకుండానే ఆమెకు గడిచిపోయేది.

అమ్మ చిన్నప్పుడే పోయింది. అన్నయ్య చదువుకుని వేరే ఊళ్ళో కుదురుకున్నాడు. ఆమె మాత్రం బడి నుంచి రాగానే షెడ్డులో కూర్చునేది. మొదట నాన్నకు పైపులు అందించింది, తర్వాత కోసింది, తర్వాత అతికింది. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే "ముందు ఈ పైపు చల్లారనీ" అనేది. ఒకటి చల్లారేలోపు ఇంకోటి వేడెక్కేది. అలా అలా ఆ ఊసు ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు.

నాన్న తన చేత్తో తయారుచేసిన పరీక్ష బల్ల ఒకటి షెడ్డులో ఉండేది. పాత వాక్యూమ్ క్లీనర్ మోటారు, దానికి కలిపి రెండు కాళ్ళతో నిలబడ్డ గాజు గొట్టం, అందులో ఎర్రరంగు కలిపిన నీళ్ళు, పక్కన స్కేలు. పైపును మోటారు నోటికి ఆనించి స్విచ్చి వేస్తే, మోటారు ఆ పైపులోంచి గాలి పీలుస్తుంది. పైపులో దారి ఇరుకైతే ఎర్రనీళ్ళు పైకి ఎగబాకుతాయి. సాఫీగా ఉంటే కొంచెమే లేస్తాయి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పైపు అదిమి పట్టుకోవాలి, ఇంకొకరు స్కేలు చదవాలి. నాన్న చదివేవాడు. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటి నుంచి ఆమె గోడకు అద్దం తగిలించుకుని, రెండు చేతులా పైపు పట్టుకుని, మెడ తిప్పి అద్దంలో తిరగబడిన అంకెలను చదువుకునేది. అలవాటైపోయింది కూడా.

ఒక బుధవారం పొద్దున వెనక తాళ్ళతో కట్టిన ఒక నీలం కారును మోసుకుని ట్రక్కు వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు పక్కనుంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి దిగాడు. అరవైకి దగ్గరపడ్డ వయసు.

"సైలెన్సరక్క గారంటే మీరేనా అండీ?"

ఆ పేరుకు గారు తగిలించిన వాడు అతనే మొదలు. ఆమెకు నవ్వొచ్చింది కానీ పైకి రానివ్వలేదు. తలూపింది.

అతనిది మందుల షాపు. కారు మాత్రం అతనిది కాదు. చూడ్డానికి నలుగురు కూర్చునే మామూలు కారులానే ఉంది గానీ, అది ఫ్యాక్టరీవాళ్ళే ఎనిమిది సిలిండర్ల ఇంజిను, వెడల్పు చక్రాలు, గట్టి బ్రేకులు పెట్టి పరుగు కోసం అమ్మిన రకం. డిక్కీ తెరిచి చూపించాడు. పాత దుప్పటిలో చుట్టిన పైపులు, వంపులు, కోసిన ముక్కలు.

"మా అన్నయ్యదండీ. నాలుగు నెలల కిందట పోయాడు. మేడల్లో మనుషులెక్కే లిఫ్టులు బాగుచేసేవాడు. ఎక్కడో పని మీద ఉండగానే గుండె ఆగిపోయింది. ఒక్కడే ఉండేవాడు. ఆదివారాలు వెళ్తే ఈ కారు కింద పడుకుని కనబడేవాడు. కాఫీ కప్పు నేలమీద పెట్టి వచ్చేసేవాణ్ణి. ఏం చేస్తున్నావని ఏనాడూ అడగలేదు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఆయన ఏం చేస్తున్నాడో అదే పూర్తి చెయ్యండి."

చచ్చిపోయిన మనిషి సగంలో వదిలేసిన పని నెత్తినేసుకోవడం కన్నా కొత్తది చెయ్యడం సుఖమని ఆమెకు తెలుసు. కుదరదని చెప్పబోయింది. కానీ దుప్పటిలోంచి ఒక పైపు చేతికి తీసుకుని అతుకు మీద వేలు పెట్టి రాసింది. నాణేలు వరసగా పేర్చి పక్కకు వాల్చినంత పొందికగా ఉంది అతుకు.

"చూస్తాను," అంది.

మధ్యాహ్నానికి ఆ పైపులన్నీ నేలమీద పరిచింది. ఇంజినుకు ఎడమవైపు నాలుగు సిలిండర్లు, కుడివైపు నాలుగు. ఎడమవైపు నాలుగు పైపులూ ఆ లిఫ్టు మెకానిక్కు పూర్తిచేసేశాడు. కుడివైపు రెండు అయ్యాయి, ఒకటి ముక్కలుగా ఉంది, ఒకటి మొదలే పెట్టలేదు. ప్రతి పైపు మీదా తెల్లరంగు పెన్నుతో చిన్న అక్షరాలు. "1 సరిపోయింది." "2 సరిపోయింది, మూడోసారికి." "3 పన్నెండు మిల్లీమీటర్లు పొట్టి. ముక్క కలపాలి." ముక్క కలిపాడు కూడా. నాలుగోదాని మీద "బాగా వచ్చింది" అని రాసి పక్కన టిక్కు పెట్టుకున్నాడు. తన పేపరు తనే దిద్దుకున్న పిల్లాడిలా. కుడివైపు ముక్క మీద "స్టీరింగ్ కడ్డీ తగులుతోంది. కిందనుంచి వెళ్తే?" అని ఒక ప్రశ్న. దాని కిందే ఇంకో రోజు రాసినట్టు వేరే వాలుతో, "వద్దు. వేడి."

ఆమె ఆ రోజు ఇంకే బండీ ముట్టుకోలేదు. భోజనం డబ్బా తెచ్చుకుని ఆ పైపుల పక్కనే కూర్చుని తింది. ఇన్నేళ్ళలో ఆమె చుట్టూ పని చేయించుకునేవాళ్ళే గానీ, ఈ పని తెలిసినవాడు నాన్న తర్వాత ఒక్కడూ తగల్లేదు.

పని మొదలుపెట్టింది. పాత సామాను విప్పి చూస్తే లిఫ్టు మెకానిక్కు బాధేమిటో అర్థమైంది. తర్వాతి బుధవారం మందుల షాపాయన వచ్చినప్పుడు అతనికీ చెప్పింది. అతని షాపుకు బుధవారం సెలవు.

"సినిమా వదిలాక నాలుగు తలుపుల జనం ఒకే ఇరుకు వరండాలోకి వచ్చి పడితే ఏమవుతుంది?"

"తోపులాట."

"అదే. ఫ్యాక్టరీవాళ్ళు నాలుగు సిలిండర్ల పొగనీ ఈ పోత ఇనప డబ్బాలోకి వదిలారు. చోటు కలిసొస్తుంది. కానీ ఒకదాని పొగ ఇంకోదానికి ఎదురొస్తుంది. వెనక ఇరుసు మీదుగా వెళ్ళేచోట చూడండి, పైపుని నొక్కి వంచారు. అక్కడ మళ్ళీ ఇరుకు."

"మరి మా అన్నయ్య?"

"నాలుగు తలుపులకీ నాలుగు వరండాలు కట్టాడు. అన్నీ ఒకే పొడవు. అందరూ ఒకరి వెనక ఒకరు గేటు దగ్గరికొస్తారు. ముందు వెళ్ళినవాడి ఊపు వెనకవాణ్ణి లాక్కెళ్తుంది."

అతను ఆ పైపుల వైపు చాలాసేపు చూశాడు. "ఇదంతా ఆయన నాకు చెప్పి ఉండొచ్చు," అన్నాడు.

"మీరడిగుంటే చెప్పేవాడు."

ముక్కుసూటిగా అనేసి నాలిక కరుచుకుంది. అతను మాత్రం ఏమీ అనుకున్నట్టు లేదు. "అవునండీ," అన్నాడు.

కుడివైపు పైపులకు మూడు వారాలు పట్టింది. స్టీరింగ్ కడ్డీ పక్కనుంచి వేలు దూరేంత సందులో ఒక పైపు తిప్పాల్సి వచ్చింది. కింద నుంచి వెళ్తే వేడి కడ్డీకి తగులుతుందని అతను రాసింది నిజమే. ఆమె పై నుంచి తిప్పింది. నాలుగుసార్లు కోసి పారేసింది. అయిదోసారి పైపు సరిగ్గా అమరింది. ఎడమవైపు అతను చేసిన పైపులతో పొడవు కొలిచి చూస్తే తేడా రెండే మిల్లీమీటర్లు.

ఎడమవైపు ఒక తప్పు కూడా కనబడింది. నాలుగు పైపులూ కలిసేచోట అతను కదలకుండా గట్టిగా అతికేశాడు. ఎర్రగా కాలినప్పుడు పైపు సాగుతుంది. సాగే చోటు లేకపోతే వేసవి తిరిగేలోపు పగులుతుంది. లిఫ్టుల్లో ఉండేది చల్లని ఇనుమేగా. ఆమె ఆ అతుకు కోసి, ఒకదానిలో ఒకటి దూరి కాస్త జారేలా మార్చింది.

"ఇది నీకు తెలీదు," అంది.

అన్నాక చుట్టూ చూసింది. షెడ్డులో ఎవరూ లేరు. ఎప్పటి నుంచి ఆ మనిషితో పైకే మాట్లాడుతోందో, ఎప్పటి నుంచి నువ్వు అంటోందో ఆమెకే తెలియదు.

ఆ ఆదివారం ఆమె అన్నయ్య ఫోన్ చేశాడు. ప్రతి ఆదివారం చేస్తాడు, తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది, సరే ఉంటాను. ఆ రోజు మాత్రం ఆమె పైపుల పొడవుల గురించీ, పన్నెండు మిల్లీమీటర్ల ముక్క గురించీ, స్టీరింగ్ కడ్డీ గురించీ చెప్పుకుంటూ పోయింది.

"ఏంటే, ఇవాళ గొంతు విప్పావు," అన్నాడు అన్నయ్య సంతోషంగా. "ఎవరే ఆయన? ఎక్కడుంటాడు?"

"లేడు."

"లేకపోవడమేంటి?"

"పోయాడన్నయ్యా. నాలుగైదు నెలలైంది."

"ఆ షెడ్డు మూసేసి ఇక్కడికి వచ్చెయ్యవే," అన్నాడు అన్నయ్య. "వదిన కూడా రోజూ అంటోంది."

"చూద్దాంలే," అని పెట్టేసింది.

ఇక మిగిలింది వెనక భాగం. పొగను శుభ్రం చేసే డబ్బాలు దాటాక, కారు చివరిదాకా వెళ్ళే రెండు పెద్ద పైపులు. దానికోసం లిఫ్టు మెకానిక్కు తెచ్చిపెట్టుకున్న పైపుల వెడల్పు అరవై మూడు మిల్లీమీటర్లు. వాటి మీద "63 చాలు" అని రాసుంది. రెండో పైపు మీద మళ్ళీ "63 చాలు" అని రాసి కింద గీత కూడా గీశాడు.

"ఏం చాలుతుంది?" అనుకుంది ఆమె. ఎనిమిది సిలిండర్ల ఇంజినుకు అరవై మూడా? ముప్పై ఏళ్ళుగా ఆమె దగ్గరికి వచ్చిన కారున్న ప్రతి కుర్రాడూ వెడల్పు పెంచమనే అడిగాడు. ఎంత పెద్ద పైపైతే అంత బలమని అందరి నమ్మకం. అడిగీ అడిగీ ఆమెకూ అదే నమ్మకం పట్టుకుంది. గీత గీసి మరీ చెప్పిన మాట పక్కన పడేసి, డెబ్బై ఆరు మిల్లీమీటర్లవి తెప్పించింది. ఎనిమిది రోజులు కష్టపడి చివరిదాకా వేసేసింది.

ఊరి చివర, కారును రోలర్ల మీద పరుగెత్తించి దాని బలం కొలిచే చోటుంది. అక్కడి ఆపరేటరు పాత పరిచయస్తుడు. కారును కట్టేసి, ఇంజినును పూర్తి వేగం దాకా తీసుకెళ్ళి, తెరమీద పడ్డ గీత చూపించాడు.

"పైన బాగుందక్కా. కింద ఊపిరి లేదు."

నిజమే. గీత చివర్లో లేచింది గానీ, రోజూ నడిపే వేగాల దగ్గర మధ్యాహ్నం కునుకు తీస్తున్నవాడి తలలా వాలిపోయింది. చూడగానే ఆమెకు కారణం తెలిసిపోయింది. పైపు మరీ వెడల్పైతే పొగ నెమ్మదిస్తుంది. ఊపు లేని పొగ వెనకదాన్ని లాగలేదు. ఈ మాట నాన్న ఎన్నిసార్లు చెప్పాడు. వాళ్ళూ వీళ్ళూ అడిగినదల్లా చేసిపెడుతూ తనే మర్చిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా సిగ్గుపడాల్సింది. సిగ్గు లేకపోలేదు గానీ, దాని వెనక ఇంకేదో ఉంది. తొమ్మిదేళ్ళలో ఆమెతో వాదించినవాడు లేడు. వాదించి గెలిచినవాడు అసలే లేడు. షెడ్డుకు రాగానే కారు పైకెత్తి, ఎనిమిది రోజుల పనీ కోసి కుప్ప పోసింది.

అరవై మూడు మిల్లీమీటర్ల పైపులనే సాఫీగా, ఎక్కడా నొక్కు పడకుండా వంచింది. ఎడమ పైపూ కుడి పైపూ ఒకచోట కత్తెర కాళ్ళలా కలిసి విడిపోయేలా చేసింది. అది అతను రాసింది కాదు, ఆమె సొంత ఆలోచన. పరీక్ష బల్ల దగ్గరికి తెచ్చేసరికి బుధవారం అయింది, మందుల షాపాయన గుమ్మంలో ఉన్నాడు. ఆమె పైపెత్తి మోటారుకు ఆనించి, మెడ తిప్పబోయి ఆగింది.

"ఆ నీళ్ళు ఎక్కడిదాకా లేచాయో చెప్తారా?"

"చెప్తానండీ."

"పైన నీళ్ళు వంపు తిరుగుతాయి. ఆ వంపు అడుగున చూడాలి."

"నాకు తెలుసండీ. రోజూ కొలసీసాలు చూసే పనేగా నాది."

ముందు ఫ్యాక్టరీ పైపు పెట్టింది. మోటారు హోరులో అతను గొంతు పెంచి చదివాడు. "నూట తొంభై... నూట తొంభై రెండు. నూట తొంభై రెండు దగ్గర నిలబడింది."

తర్వాత కొత్తది పెట్టింది.

"నూట పది... తొంభై... ఎనభై ఎనిమిది. ఎనభై ఏడున్నర. తగ్గిపోయిందండీ. పాడైందా?"

"తగ్గాలి."

"అయితే ఎనభై ఏడున్నర," అన్నాడతను, ఒక్కో అక్షరం ఒత్తి.

ఆమె మోటారు ఆపేసింది. పైపు మాత్రం కింద పెట్టలేదు. తన షెడ్డులో ఇంకొకరి గొంతు అంకెలు చదవగా వినడం ఎన్నేళ్ళకో. కళ్ళు మండితే వెల్డింగు పొగ అనుకుని మోచేత్తో తుడుచుకుంది. ఆ పూట వెల్డింగే చెయ్యలేదని తర్వాత గుర్తొచ్చింది.

రెండోసారి రోలర్ల మీద గీత కింద నుంచి పైదాకా ఎక్కడా వాలకుండా లేచింది. ఆపరేటరు రెండుసార్లు చూశాడు. "ఎవరు చెప్పారక్కా ఈ కొలత?" అని అడిగాడు. "ఒకాయన," అంది.

మందుల షాపాయనకు అంత బలమున్న కారు నడపడం భయం. ఆమే స్టీరింగు పట్టుకుంది, అతను పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం ఊరు దాటి, గోదాముల వెనక తిన్నగా పోయే రోడ్డెక్కాక కాలు అదిమింది. చప్పుడు పెద్దగా లేదు. లోతుగా, నిండుగా, గొంతు సవరించుకుని మాట్లాడే మనిషిలా ఉంది. కారు ఇద్దరినీ సీట్లకు నొక్కుతూ ముందుకు ఉరికింది.

"ఆయన వినాలనుకున్నది ఇదేనా అండీ?"

"ఇదే."

అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె వెనక్కి తిప్పాల్సిన చోట తిప్పకుండా ఇంకో చుట్టు తిరిగి వచ్చింది.

కారు వెళ్ళిపోయింది. షెడ్డు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. రెండు నెలల తర్వాత అతను ఫోన్ చేశాడు.

"కారు ఇచ్చేశానండీ. దూరంగా ఎక్కడో ఉండే డాక్టరమ్మ తీసుకుంది. ఆవిడకి ఇలాంటివి ఇష్టమట. నా దగ్గరుంటే కవరు కప్పుకుని పడుంటుంది. మీకు ముందే చెప్పాల్సింది."

"మీ కారు మీ ఇష్టం."

"అన్నయ్య రాసిన అక్షరాలు చూపించాను. చెరపనంది." తర్వాత, "బుధవారం ఒకసారి అటు రానా అండీ?" అన్నాడు.

"కారు లేదుగా," అంది ఆమె. ముప్పై ఏళ్ళుగా ఎవరేమడిగినా నాలుక మీదికి మొదట వచ్చే పొట్టి మాట అలా వచ్చేసింది.

"అవునండీ," అని అతను పెట్టేశాడు.

ఫోన్ చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. తిరిగి చెయ్యొచ్చు. ఏమని చెయ్యాలి? రెండు వారాలు ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరిగింది. మూడో వారం చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, శుభ్రమైన చొక్కా వేసుకుని, మూడు వీధులు నడిచి మందుల షాపుకు వెళ్ళింది. ముందు ఇద్దరున్నారు. తన వంతు వచ్చాక "కాలిన గాయానికి మందు" అంది.

అతను తలెత్తి చూశాడు. "ఎక్కడ కాలిందండీ?"

ఎక్కడా కాలలేదు. ఎప్పటివో పాత మచ్చలున్న చెయ్యి చూపించింది. అతను దాన్ని చూసి ట్యూబు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"బుధవారం రండి," అంది. వెనక నిలబడ్డవాళ్ళకు వినబడనంత చిన్నగా.

వచ్చాడు. ఆ వారమూ, ఆ పై వారమూ వచ్చాడు. ఆమె పాత కుర్చీ తుడిచి వేసింది. అతను ఒకసారి తన అన్నయ్య ఫోటో తెచ్చాడు. సన్నటి మనిషి, చెవి వెనక పెన్ను. ఆమె ఊహించుకున్న మొహం అది కాదు. అయినా తిరిగిచ్చేముందు చాలాసేపు చూసింది. కానీ కారు గురించి చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకోవడం అయిపోయింది. ఇక అతను షాపు సంగతులు చెప్పేవాడు, ఆమె ఊఁ అనేది. ఆమె తుప్పు గురించి చెప్పేది, అతను ఊఁ అనేవాడు. నాలుగో బుధవారం వాన వచ్చింది, అతను రాలేదు. తర్వాత కూతురు కాన్పుకు వచ్చిందని ఫోన్ చేశాడు. మనవరాలు పుట్టిందని ఇంకోసారి చేశాడు. ఆమె మనస్ఫూర్తిగానే సంతోషించింది. ఆ తర్వాత ఫోన్లు కూడా తగ్గాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఆ ఏడు వానలు ముదిరేముందు ఆమె షెడ్డు పైకప్పు రేకులు మార్పించింది. ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. పొద్దున పదింటికి టీ కాచి తెచ్చి, ఎప్పటిలా లోపలికి పోకుండా తనూ గ్లాసు పట్టుకుని వాళ్ళ పక్కన నిలబడింది.

"ఒక్కరే ఉంటారా అక్కా?" అని పెద్దవాడు అడిగాడు.

"ఒక్కదాన్నే," అంది. ఆగి, "మొన్నామధ్య ఒకాయన పని చూశాను," అని మొదలుపెట్టింది. లిఫ్టులు బాగుచేసే మనిషి ఎనిమిది పైపులు ఒకే పొడవున ఎలా చెయ్యబోయాడో, ఎక్కడ తప్పాడో, ఎక్కడ తనను ఓడించాడో చెప్పింది. చేతులతో వంపులు చూపించింది. ఆమె ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

పెద్దవాడు శ్రద్ధగానే విన్నాడు. "మీకు చుట్టమా?" అన్నాడు.

"కాదు. చూడను కూడా చూడలేదు."

"మంచి పనివాడే అయ్యుంటాడు," అని అతను గ్లాసు కిందపెట్టి, మూతి తుడుచుకుని నిచ్చెన ఎక్కాడు. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.